నాలుగు పైపుల కారులో మొదటి సవారీ

మా వాళ్ళిళ్ళలో ఏ శుభకార్యమైనా భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఆ కారు కథ ఎత్తుకుంటారు. "కారుకి కొత్త పైపులు బిగించిన రోజున ఈవిడ అలిగి లోపలికి పోయింది. పాపం, మొగుడేం చేస్తాడు? మరదల్ని ఎక్కించుకుని వెళ్ళాడు" అని చెప్పి నవ్వుకుంటారు. నేను అలగలేదు. గుడ్డ కోసం వెళ్ళాను. అలిగిన మనిషి ట్రంకుపెట్టె తెరిచి, అడుగున ఉన్న పాత పంచె తీసి చింపుతూ కూర్చుంటుందా అని అడిగితే మళ్ళీ నవ్వుతారు.

అరవైల చివరి మాట. ఆమదాలవలసలో మాకు రైసుమిల్లు ఉండేది. మిల్లు ఇంజను విప్పి బిగించడం వచ్చు గనక లోకంలో ఏ ఇంజనైనా తన మాట వింటుందని మా ఆయనకి నమ్మకం. విజయనగరంలో ఒక పాత బంగళావాళ్ళు సామాను అమ్ముకుంటుంటే వెళ్ళి కారు తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం అయిన కొత్తల్లో ఇంగ్లండులో చేసిన పందెం కారు, గుడ్డ టాపు, రెండే సీట్లు. ఇద్దరే పట్టే కారు కొనే మగవాడికి ఆ రెండో మనిషి ఎవరో తెలిసే ఉంటుందనుకున్నాను. "కొత్త పైపులు వెయ్యనీ, శ్రీకాకుళం తీసికెళ్తాను. మొదటి సవారీ నీదే" అని ఆయనే అన్నారు. నేను అడగలేదు. అప్పటిదాకా పట్టపగలు మొగుడి పక్కన కూర్చుని ఆ వీధిలో నేను వెళ్ళింది రిక్షాలోనే, అదీ మధ్యలో మా అత్తగారు ఉండగా. ఆ సీటు నాకెంత ముఖ్యమో ఇంతకంటే వివరంగా చెప్పను.

పైపుల సంగతి చెప్పాలి. ఇంజను పక్కన పొగ బయటికి వచ్చే చోట పోత ఇనుప ముద్ద ఒకటుంటుంది. నాలుగు సిలిండర్ల పొగా ఆ ఇరుకులోంచే తోసుకుని రావాలి. దాన్ని పీకేసి, ఒక్కో సిలిండరుకీ ఒక్కో పొడుగు గొట్టం పెట్టి, చివర నాలుగిటినీ కలిపితే ఇంజనుకి ఊపిరాడుతుందిట. వాటిని హెడర్లంటారు. కలకత్తా నుంచి రైలు పార్సిల్లో, గడ్డి చుట్టుకుని వచ్చాయి. నికెలు పూత. వాటిల్లో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

బిగించే రోజున నాకు స్టూలు వేశారు. పైపులతో వచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి తెలుగులో చెప్పడం నా పని, బి.ఏ. చదివాను కదా. మా చెల్లి అప్పుడు మా ఇంట్లోనే ఉంది. పి.యు.సి. తప్పి, మళ్ళీ పరీక్షకి చదువుకోడానికి వచ్చింది. పుస్తకం తెరవగా నేను చూడలేదు.

పాత ముద్దని పట్టుకున్న నట్లన్నీ ఊడాయి గానీ, వెనకాల కారు రేకుగోడకీ ఇంజనుకీ మధ్య సందులో ఒకటి మిగిలిపోయింది. ఆయన చెయ్యి దూరలేదు. నేను లేచి గాజులు పైకి తోసుకుంటున్నానో లేదో, చెల్లి వచ్చి పడింది.

"తప్పుకో బావా, అది సెయ్యా, రోకలిబండా?" అని మోచేతి దాకా దూర్చేసింది.

"అందిందేటి?"

"అందింది గానీ తిరగట్లేదు. ఇంకాస్త కిరసనాయిలు పొయ్యి."

నట్టు ఊడింది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఒసే మరదలా, నిన్ను మిల్లులో ఫిట్టరుగా పెట్టేసుకుంటానే!"

"జీతం ఏటిస్తావు?"

"మీ అక్కని ఇచ్చేస్తాను, తీసుకుపో."

"ఆ సరుకు మా కొట్లోదే బావా. ఒకసారి అమ్మింది వాపసు తీసుకోం."

బావామరదళ్ళ సరసానికి మా వైపు అడ్డు లేదు. అడ్డు చెప్పిన పెళ్ళామే నవ్వులపాలవుతుంది. అందుకని నేనూ నవ్వాను. నవ్వి, కాగితంలో తరవాతి వాక్యం అవసరానికి మించిన గొంతుతో చదివాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా చెయ్యి ఒక పనికి సరిపోయిందని ఆయన నోట నేను విన్నది లేదు. ఆ పూట మాత్రం ప్రతి నట్టుకీ ఆ పిల్ల చేతిని మెచ్చుకోవడమే. దాని చెయ్యి సన్నం, నిజమే. సన్నంగా ఉండటం కూడా ఒక విద్యేనా?

కొత్త పైపులు బిగిశాయి. అప్పుడొచ్చారు మా అత్తగారు.

"కొత్త ఇనుముకి పసుపు రాయకుండానే బండి తీసేస్తారేటర్రా?"

మా ఇళ్ళలో నాగలి కర్రు గానీ, మిల్లు చక్రం గానీ, ఆఖరికి కత్తిపీట గానీ పసుపు లేకుండా పనిలోకి దిగదు. కానీ కాగితంలో స్పష్టంగా ఉంది: పైపుల మీద వేలి జిడ్డు కూడా ఉండకూడదు, వేడెక్కితే మాడి పూతలోకి దిగిపోతుంది, ఇంజను తిప్పేముందు శుభ్రమైన గుడ్డతో తుడవాలి. చదివి వినిపించాను.

"ఆ కాగితం కలకత్తావోడిది. పసుపు మనది. నువ్వు రాయి" అన్నారావిడ.

"నేను రాయను" అన్నాను. చదివింది నేనే కదా, తెలిసి తెలిసి ఎలా రాస్తాను?

ఆవిడ పసుపు గిన్నె చెల్లి చేతిలో పెట్టారు. నూనెలో కలిపిన పసుపు. చెల్లి నాలుగు వేళ్ళూ ముంచి పైపుల మీద పైనుంచి కిందికి బారుగా రాసేసింది. "పోనీలేవే, తిప్పేముందు తుడిచేద్దాం" అన్నారు మా ఆయన. అక్కడున్న గుడ్డలన్నీ గ్రీజు పట్టినవే. అందుకని లోపలికి వెళ్ళాను.

పంచె సగం చిరిగింది, ఇంజను లేచింది. ఆ మోతకి అల్మారాలో గాజుగ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. గుడ్డ పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తి "ఆగండి!" అని అరిచాను. మిల్లు నడుస్తున్నా చెరువు అవతలి గట్టున ఉన్నవాళ్ళకి వినపడే గొంతు నాది. వాళ్ళకి వినపడలేదుట. స్టేషను రోడ్డు మలుపులో సీటు మీంచి చెల్లి జడ మాత్రం కనిపించింది. వీధంతా మాడిన తిరగమోత వాసన.

మా అత్తగారు నాకేసి వింతగా చూశారు. "రానన్నావట కదే?"

"ఎవరన్నారు?"

"ఏమో తల్లీ, ఆ మోతలో ఎవరి గొంతో తెలిసిందా? అక్క రాదంట, రాదంట అని వినపడింది."

అక్క అని ఆయనా అనగలరు, "మీ అక్క" అని. చెల్లీ అనగలదు.

సాయంత్రం వచ్చారు. నాగావళి వంతెన మీద జనం ఎలా ఆగి చూశారో, కోర్టు దగ్గర ప్లీడర్లు ఎలా లేచి నించున్నారో చెల్లి చెప్తూనే ఉంది. నాకు మూర మల్లెపూలు తెచ్చారు. దాని జడలో అవే పూలు, నాకు తెచ్చినవాటికంటే ఒత్తుగా. మర్నాడు బానెట్ ఎత్తితే నాలుగు పైపుల మీదా దాని వేళ్ళు గోధుమరంగులో మాడి దిగిపోయి ఉన్నాయి. "కాగితం నిజమే చెప్పిందే!" అని ఆయన నవ్వి, వచ్చినవాళ్ళందరికీ "మా మరదలి చెయ్యి" అని చూపించారు. చింతపండు పెట్టి తోమాను, ఇటుకపొడి పెట్టి తోమాను. మెరుపు పోయింది, వేళ్ళు పోలేదు.

తరవాత నన్నూ తీసికెళ్ళారు. శ్రీకాకుళమూ వెళ్ళాం, ఎచ్చెర్ల దాటి అవతలికీ వెళ్ళాం. బాగానే ఉంది. రెండో సవారీ ఎంత బాగుంటుందో అంత బాగుంది.

ఆ కారు ఎప్పుడో చేతులు మారిపోయింది, మా అత్తగారు పోయారు. మిగిలింది ఆ ఇద్దరే. విడివిడిగా అడిగాను, కలిపి కూర్చోబెట్టీ అడిగాను. "బావే సెప్పాడక్కా, నువ్వు రానన్నావని. లేకపోతే నేనెందుకు ఎక్కుతాను?" అంటుంది చెల్లి. "మీ చెల్లే చెప్పిందే, నువ్వు రానన్నావని. లేకపోతే నేనెందుకు ఎక్కించుకుంటాను?" అంటారాయన. కలిపి అడిగినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇంకా ఆ సంగతేనా అని నన్నే తిట్టారు. ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కించారు అన్నది వదిలేశాను. నాకు క్షమాపణలూ అక్కర్లేదు. వాళ్ళిద్దర్నీ నేనడిగేది ఒక్కటే: నేను లోపల పంచె చింపుకుంటుంటే, నా నోట రాని ఆ "రాను" అన్న మాట మీ ఇద్దరిలో ముందు ఎవరి నోట వచ్చింది?