ఎడమ చేత్తో మొదటి సర్వీసు

ఆదివారం పొద్దున తిరుపతిలో, హాస్టల్ మెస్సు దగ్గర దోసె కోసం నిలబడి ఉండగా బళ్లో నాతో చదివిన నసీమా ఫోన్ చేసింది. "మేడం పోయిందంట మే. నిద్రలోనే," అంది. ప్లేటు పక్కన పెట్టేసి పలమనేరు బస్సెక్కాను.

ఆమెను మీలో చాలామంది చూసి ఉండరు. పేపర్లలో పేరు వచ్చిన మనిషి కాదు. పలమనేరులో మా వీధి చివరిల్లు వాళ్లది. ఊళ్లో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశారు. వయసులో ఉండగా జిల్లా తరఫున వాలీబాల్ ఆడారు. మేడం సర్వీసు చేస్తే బంతి కంటికి ఆనేది కాదని, ఆ బళ్లోనే చదువుకున్న మా అమ్మ చెప్పేది. నేను చూసిన మేడం మాత్రం కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, వరండాలో కూర్చుని వీధి చూసే మనిషి. రిటైర్ కాకముందే పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది, చెయ్యి కోలుకోలేదు. ఉద్యోగం ఆమే వదులుకున్నారు. ఆ తర్వాత ఆ బడికి డ్రిల్లు టీచరే రాలేదు.

కరోనాకు బడులు మూతపడిన కాలంలో, నసీమా నేనూ ఒకే ఫోన్లో తలలు పెట్టి జపాను వాళ్ల బొమ్మల సీరియల్ ఒకటి చూశాం. అనిమే అంటారు వాటిని. ఊరంతా మరిచిపోయిన ఒక బడి జట్టు, ఆట రాని పిల్లలతో వాలీబాల్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే కథ. మాకు ఆ భాష రాదు. కింద వచ్చే ఇంగ్లీషు సగం చదివేలోపలే మాయమయ్యేది. అయినా వాళ్లు ఓడినప్పుడల్లా ఏడ్చాం. బడి తెరిచేసరికి మాకూ ఒక జట్టు కావాలనిపించింది. ఊళ్లో నేర్పగలిగినవాళ్లు ఒక్కరే.

"నేనేం నేర్పేది పాపా?" అన్నారు మేడం. ఎడమ చేత్తో కుడి చేతిని పైకెత్తి వదిలారు. అది ఒళ్లో పడింది. "ఇది అన్నం కలిపేదానికి కూడా రాదు."

నసీమా ఊరుకునే రకం కాదు. ఫోన్ తీసి ఆమె ముందు పెట్టింది. "ఒక్క భాగం సూడండి మేడం. నచ్చకపోతే మళ్లీ రాము."

మొదట్లో మేడం నవ్వారు. "ఏందిమే ఇది, ఎగిరినోడు ఎగిరినట్టే ఉండాడు? ఈలోపల మనం కాఫీ తాగి రావచ్చు." తర్వాత కథలో మ్యాచి అయిపోయింది. ఓడిన పిల్లవాడు ఒక్కడే గోడకు బంతి కొడుతున్నాడు. అది ఎటో పోతుంది, పరిగెత్తి తెచ్చుకుంటాడు, మళ్లీ కొడతాడు. అంతే, చాలాసేపు అదే. మేడం నవ్వడం ఆపారు. వాళ్లాయన, మేమంతా సార్ అనే ఆయన, నిజంగానే కాఫీ తెచ్చి పక్కన పెట్టినా చూడలేదు.

"ఇది మాత్రం నిజం," అన్నారు. "ఇంకోటి పెట్టు."

కొన్నాళ్లకు మమ్మల్ని ఆమే పిలిపించారు. "ఆడేదానికి వచ్చేవాళ్లందర్నీ పిల్చుకుని పొద్దున్నే గ్రౌండుకు రండి. మీకు ఏమీ రాదు. నా ఎడం చేతికీ ఏమీ రాదు. నేనూ మీతో పాటే నేర్చుకుంటా. ఎవురూ ఎవుర్నీ సూసి నవ్వేది లేదు."

సర్వీసు చేయాలంటే ఒక చెయ్యి బంతిని ఎగరేయాలి, ఇంకో చెయ్యి కొట్టాలి. ఆమెకు ఉన్నది ఒక్కటే. ఎడమ చేత్తోనే ఎగరేసి, అది దిగేలోపల అదే చేత్తో కొట్టాలి. మొదటి రోజు బంతి ఆమె భుజానికే తగిలి కింద పడింది. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. ముందు నవ్వింది ఆమే. సార్ పంచె ఎగ్గట్టి బంతులు ఏరేవారు. పలమనేరు చలిలో మా నోళ్లలోంచి పొగలు వచ్చేవి, చేతుల మీద ఎర్రగా వాతలు తేలేవి. మా చేతులు కొంచెం కొంచెంగా మాట వినడం మొదలుపెట్టాయి. ఆమె బంతి మాత్రం నెట్టుకు ఇవతలే పడుతూ ఉండేది.

ఒక పొద్దున ఆమె రాలేదు. మేం ఇంటికి వెళ్తే వరండాలో అదే కుర్చీలో ఉన్నారు.

"కలలో కుడి చేత్తోనే ఆడతా ఉంటానే," అన్నారు మా వైపు చూడకుండా. "లేచి సూస్తే ఇది. మీకు మొదట్నుంచి మొదలుపెట్టేది సులువు. మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు కదా."

లోపలి నుంచి సార్ బంతుల సంచి భుజాన వేసుకుని వచ్చారు. "పోదాం పద. నాకు బంతులు ఏరేది అలవాటైపోయింది. ఇంట్లో ఉంటే పొద్దు పోదు."

ఆమె లేచి చెప్పులు వేసుకున్నారు.

ఆమె బంతి నెట్టు దాటిన రోజు అవతల వైపు నసీమా నిలబడి ఉంది. అందుకోవాల్సింది తనే. అందుకోకుండా, బంతి నేలమీద పడి దొర్లుతుంటే నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"ఏం సూస్తా ఉండావు మే? తీసుకోవాల కదా," అని కసిరారు మేడం. ఆ వెంటనే అటు తిరిగి, పైట కొంగుతో మొహం తుడుచుకున్నారు.

పాకాలలో మేం ఆడిన మొదటి పోటీలో చిత్తుగా ఓడిపోయాం. ఎదుటి జట్టు పిల్లలు మమ్మల్ని చూసి జాలిపడ్డారు కూడా. బస్టాండు బయట ఏడుస్తూ కూర్చుంటే మేడం ఉడకబెట్టిన శనక్కాయలు కొనుక్కొచ్చి ఒక్కొక్కరి ఒళ్లో పోశారు.

"ఓడిపోయినాం, సరే. పోయినేడు మనకు ఓడిపోయేదానికి కూడా జట్టు లేదు కదా," అన్నారు. "తినండి. సల్లారిపోతాయి."

మరుసటి ఏడు అదే పాకాలలో ఒక మ్యాచి గెలిచాం. ఒక్కటే. ఆ సాయంత్రం బస్సులో మా గోల భరించలేక జనం ముందు సీట్లలోకి వెళ్లిపోయారు. నసీమా ఇప్పుడు తన కాలేజీ జట్టుకు కెప్టెన్. నేను డ్రిల్లు టీచరు కావడానికి చదువుతున్నాను. ట్రైనింగులో బళ్లకు పోయి నేర్పేటప్పుడు, పిల్లలకు ఎంతకీ రానిది ఎడమ చేత్తో చేసి చూపిస్తాను. నాకూ సరిగా రాదు. అది చూసి వాళ్ల భయం పోతుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు, ఇప్పుడు ఆడే జట్టు పిల్లలు గ్రౌండు నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే నిలబడి ఉన్నారు. సార్ వాళ్ల దగ్గరికి వచ్చి, రేపు ఆటకు సెలవు లేదని చెప్పారు.

అయితే ఆమెను తలుచుకుంటే నాకు కళ్ల ముందుకు వచ్చేది ఆ రోజు కాదు, పోయిన ఎండాకాలం. తిరుపతిలో కూతురింటికి వచ్చి ఉన్నారు. ఒక పొద్దున, ఆడవాళ్లకూ పిల్లలకూ ఈత నేర్పే చోట ఉన్నానని, రమ్మని ఫోన్ చేశారు. వెళ్లేసరికి, నడుము లోతు నీళ్లలో, చిన్నచిన్న పిల్లల వరసలో, ఎడమ చేత్తో గట్టు కమ్మీ పట్టుకుని బోర్లా తేలుతూ కాళ్లు కొడుతున్నారు. నెరిసిన జుట్టు రబ్బరు టోపీలోంచి బయటికి వచ్చి ఉంది. నేర్పే అమ్మాయికి నా వయసు ఉంటుంది.

"పెద్దమ్మా, మోకాలు వంచద్దు. మళ్లీ మొదట్నుంచి చేయండి," అంది ఆ అమ్మాయి.

మేడం నీళ్లలోంచి తల ఎత్తారు. ఊపిరి తీసుకున్నారు.

"సరే మేడం," అని, మొహం మళ్లీ నీళ్లలో పెట్టారు. ఆ కాళ్లు లేపిన నీళ్లు పక్కనున్న పిల్లల మీద, గట్టు మీద, నా మీద పడుతూనే ఉన్నాయి.