పాలనీళ్ల పాఠం

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదనుకునేదాన్ని. (పరిశోధనలో చేరిన మొదటి ఏడాది అందరికీ ఆ జబ్బు వస్తుందట, నాకు కాస్త గట్టిగానే వచ్చింది.) శనిగ్రహం చుట్టూ తిరిగే టైటాన్ అనే చందమామకి నారింజరంగు మసక ఉంటుంది. ఎండ ఆ మసకలో పడి ఎటెటు చెదురుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. సెలవులకి మా ఊరు కాశీబుగ్గ వచ్చి కూర్చున్నానే గాని, నా లెక్కలో లోపలికెళ్లిన వెలుతురు కంటే బయటికొచ్చేదే ఎక్కువ. సోమవారం గైడుకి చూపించాలి. అన్నం సయించడం లేదు.

అప్పటికి మా అమ్మమ్మ జీడిపప్పు ఏరే పని మానేసి ఇంట్లోనే ఉంటోంది. చేతులు నొప్పంది, నమ్మేశాం. రోజూ నా పక్కన చేరి ఏం చేస్తున్నావని అడిగేది. ఒక సాయంత్రం విసుగొచ్చి, గాజుగ్లాసు నీళ్లలో పాలు కలిపి (నాన్న టీకి దాచిన పాలని తర్వాత తెలిసింది), టార్చి వేసి, పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. చివర్లో ఆ గ్లాసుని గోడమీది క్యాలెండర్‌కి ఆనించి, అంకెలు ముందు గ్లాసులోంచీ, తర్వాత విడిగానూ చూడమన్నాను. ఆవిడ రెండుసార్లూ శ్రద్ధగా చూసింది.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదే గుంటా," అంది. నేను టార్చి ఆర్పేశాక మెల్లగా చెప్పింది. "నాకెప్పుడూ ఇలగే అవుపడతాది. గుండు పప్పేదో ముక్కేదో తెలీకే పని మానేసేను. సెప్తే కంట్లో కత్తెట్టేత్తారని సెప్పలేదు."

ఉపన్యాసం అక్కడితో సరి. నేను పక్కనుంటేనే శుక్లాల ఆపరేషన్‌కి వస్తానంది గనక, సోమవారం నాడు టెక్కలిలో కంటాసుపత్రి వరండాలోంచి గైడుకి ఫోన్ చేసి, నా లెక్క తప్పిందని ఒప్పేసుకున్నాను. తిడతారనుకున్నాను. ఒకే వెలుతురుని రెండుసార్లు కూడుతున్నావేమో చూడమన్నారు. చూస్తే నిజంగా అదే చేస్తున్నాను. కట్టు విప్పాక అమ్మమ్మ నా మొహాన్ని చాలాసేపు పరీక్షగా చూసి, ఇన్ని మొటిమలెప్పుడొచ్చాయని దిగులుపడింది. (అంతదాకా నన్ను అందగత్తెననే అనుకుంది పాపం.)

థీసిస్ మొదటి పేజీలో గైడుకీ, స్నేహితులకీ, కంప్యూటర్ గది కాపలాదారుకీ కృతజ్ఞతలు చెప్పాను. అమ్మమ్మ పేరు రాయలేదు. పెద్దలు చదివే పుస్తకంలో పాలగ్లాసు గొడవేమిటని సిగ్గుపడ్డాను. మొన్న ఆ పేజీ చూస్తే, ఎంత బిగుసుకుపోయి రాసిందో ఈ పిల్ల అని నవ్వొచ్చింది. అడుగున పెన్సిల్‌తో ఆవిడ పేరు రాసి చూపించాను. కళ్లజోడు కూడా పెట్టుకోకుండా చదివి, "ఇంత సిన్నగా రాసేవేటే," అంది.