రెడ్యా కట్టిన చిక్కం

బొగ్గు గనుల భూపాలపల్లిలో ఉతికిన బట్ట ఆరేలోపే మాస్తుంది. తీగ మీది చొక్కాను ఇంకోసారి దులిపి తొడుక్కుంటారు, అంతే. మెకానిక్ రెడ్యా ఒక్కడే ఆ బొగ్గు దుమ్మును పగవాడిని చూసినట్టు చూసేవాడు. గార్ల దగ్గరి తండా నుంచి ముప్పై ఏళ్ల కింద వచ్చి, బొగ్గు లారీల కింద వెల్లకిలా పడుకుని పని నేర్చుకున్నాడు. అతని తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. ఎద్దు ఊపిరి విని దాని జబ్బు చెప్పేవాళ్లట. ఆ చెవి రెడ్యాకు వచ్చిందని డ్రైవర్ల నమ్మకం. ఇలాంటి నమ్మకాలతో ఒక చిక్కుంది. లోకం నమ్మినదాన్ని మనిషి లోకం కంటే గట్టిగా నమ్మేస్తాడు.

ఆ దుమ్ముకు అతడు విరుగుడు కనిపెట్టాడు. పాత నూలు పంచె ముక్కను నూనెలో ముంచి పిండి, ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి కట్టేవాడు. చేలో మేయకుండా ఎద్దు మూతికి కట్టేదాన్ని చిక్కం అంటారు కదా, డ్రైవర్లు దీనికీ ఆ పేరే పెట్టారు. "రెడ్యన్నా, జర చిక్కం కట్టరాదే" అని బండి ఆపేవారు. అతడు ఊరికే కట్టి పంపేవాడు. వెనకటి లారీలకు అది బాగానే పనిచేసింది.

ఆ ఏడు చలికాలం మొదట్లో అతని చెల్లెలు గోరీ కొడుకు గోపాల్, కిరాయికి తిప్పే డీజిల్ కారుతో పరకాల దారిలో ఒక టిప్పర్‌ను దాటబోయాడు. ఎదురుగా లారీ వచ్చింది. కారు వేగం అందుకోలేదు. చివరికి టిప్పర్ ముందుకు ఇరుకున దూరి, అదుపు తప్పి, ఎడమ అంచున కల్వర్టు గోడకు వెనక తలుపు గుద్దుకుంది. ఆ తలుపు పక్కన కూర్చుని కంటి దవాఖానకు పోతున్న వజ్రమ్మ అక్కడే పోయింది. ఆమె కొడుకు వీరస్వామి కేసు పెట్టాడు.

గోపాల్‌కు నోట ఒక్కటే మాట. "తొక్కిన. బండి లేవలె. మల్ల తొక్కిన. లేవలె."

ఎవరు నమ్ముతారు? తనిఖీకి వచ్చిన అధికారి బ్రేకులూ స్టీరింగూ చూసి, బాగున్నాయని రాసిపోయాడు. ఇక మిగిలిన తప్పు మనిషిదే.

నాలుగు రోజులకు పోలీసులు బండిని విడిచిపెడితే గోరీ దాన్ని అన్న షెడ్డుకు తెప్పించింది. తండా భాషలో ఏడ్చి, తెలుగులో అడిగింది, నలుగురి ముందు పంచాయితీలో అడిగినట్టు. "అన్నా, వాడు బువ్వ ముడుతలేడు. నేనే సంపిన అంటుండు. తప్పు బండిదా, వాని కాలుదా? నువ్వే తేల్చాలె."

రెడ్యా మొదట థర్మల్ రోడ్డు ఎత్తు మీదికి కారు తీసుకుపోయాడు. రెండో గేరులో ఉండి ఒక్కసారి గట్టిగా తొక్కాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో లెక్కకు గాని కారు ఊపందుకుని పోలేదు. పోయింది కూడా మూలుగుతూ, వెనక నల్లపొగ కక్కుతూ.

టర్బో అంటే చిన్న గాలిచక్రం. ఇంజను వదిలే పొగ దాన్ని తిప్పుతుంది, అది బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. పొగ పెరిగి చక్రం అందుకునేలోపు కాస్త ఆలస్యం ఏ బండిలోనైనా ఉంటుంది. ఒక్క లెక్కకు తెమిలితే అది బండి స్వభావం. నాలుగు లెక్కలైతే జబ్బే.

టర్బో నుంచి పోయే రబ్బరు గొట్టాలకు సబ్బునురుగు రాసి చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. చక్రం ఇరుసును వేలితో కదిపి చూశాడు, వదులు లేదు. దాన్ని అదుపు చేసే కడ్డీ సాఫీగా జరిగింది. రెండు రోజులు ఇలా టర్బో తర్వాత ఉన్నదంతా విప్పాడు. టర్బోకు ముందున్నది విప్పలేదు. అది తన చేతిపని. దాని మీదికి అతనికి అనుమానమే పోలేదు.

మూడో రోజు పొద్దున్నే, ఇంకేమీ మిగలక, గాలి పీల్చే గొట్టం మూతి ఊడదీశాడు.

గుడ్డ ఉంది. ఎండాకాలంలో తను కట్టినదే. నూనెకు దుమ్ము పట్టి పట్టి కాల్చిన అప్పడంలా బిగుసుకుపోయింది. నోటికి ఆనించుకుని ఊదితే ఊపిరి అవతలికి పోలేదు. పాత లారీ ఇంజను నెమ్మదిగా పీల్చేది, దానికి చిక్కం ఉన్నా నడిచింది. టర్బో అలా కాదు, తొక్కగానే ఒక్క గుక్కలో గాలి అడుగుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది. బతుకమ్మ పండుగ ముందు గోపాల్ రెండుసార్లు వచ్చి చెప్పాడు. "మామా, తొక్కితె బండి జరసేపు ఆగి, సోంచాయించి పోతున్నదే."

"టర్బో బండ్లన్ని గంతేరా. గేరు దించి తొక్కు. డ్రైవర్‌వా, బరాత్‌ల పెండ్లిపిలగానివా?" అన్నాడు తను. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. గోపాల్ కూడా నవ్వి పోయాడు.

గుడ్డ తీసేసి, దాని వెనక ఉన్న ఫిల్టర్‌ కూడా మార్చి, మళ్లీ అదే ఎత్తు మీద తొక్కాడు. ఒకటి అనేలోపే కారు ఉరికింది. కారును అలాగే గోరీ ఇంటికి తిప్పాడు.

ఇంట్లో గోపాల్ గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. రెడ్యా గుడ్డను మంచం మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. గోపాల్ లేచి కూర్చున్నాడు. ముఖం ఒక్క నిమిషం తేటపడింది. ఆ తర్వాత గుడ్డను చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"రెండు మాట్ల చెప్పిన గదనే మామా."

గోరీ ఇద్దరిలో ఎవరి వైపూ చూడలేదు.

అప్పుడే ఆ గుడ్డ పట్టుకుని రెడ్యా పోలీస్ స్టేషన్‌కు పోయాడు. రాతపని చూసే భద్రయ్య అంతా విని పెన్ను పక్కన పెట్టాడు. "ఏంది పెద్దమనిషీ, ఎవలన్న తమంతల తాము మీదేసుకుంటరా? పిలగాని కేసు గీంతతోని పోదు. పైంగ నీ పేరు ఎక్కుతది."

"ఎక్కనియ్యి సారూ. రాయి."

రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాడు. కేసు పని మీదే వచ్చి గోడవార బల్ల మీద కూర్చున్న వీరస్వామి అదంతా విన్నాడు. లేచి వచ్చి ఆ నల్లటి గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు. తిడతాడనుకున్నారు, కొడతాడనుకున్నారు.

"గిసొంటియి ఎన్ని బండ్లకు కట్టినవే?"

రెడ్యా వేళ్లు మడిచి లెక్కపెట్టబోయాడు. పదకొండేళ్ల నుంచి కడుతున్నాడు. పాత లారీలతో మొదలుపెట్టాడు. ఆటోలు, కార్లు, బడిపిల్లల వ్యాన్లు. వేళ్లు మడతలోనే ఆగిపోయాయి.

"యాదికి లేదు బాపూ."

"నీ మీద కేసు పెట్టుడు తర్వాత జూస్త. మా అవ్వ అయితె రాదు." గుడ్డను బల్ల మీద పడేశాడు వీరస్వామి. "లే. ఈడ కూసుంటె ఏమొస్తది? పో. అన్నిటియి ఇప్పు."

రెడ్యా స్టేషన్ నుంచి నేరుగా కార్ల అడ్డాకు నడిచాడు. ముందు కనిపించిన బండి ముందు నిలబడి మూత ఎత్తమన్నాడు. డ్రైవర్ పోశాలు పళ్లికిలించాడు.

"ఏందే రెడ్యన్నా, పిలవకుంటనే వచ్చినవ్. కొత్త చిక్కం కడుతవా?"

 మూత ఎత్తేదాకా రెడ్యా అక్కడే నిలబడ్డాడు.