వచ్చే శుక్రవారం

ఇష్బెల్ రెన్నీ పోయి పన్నెండు రోజులైంది. ఆమె గురించి నాలుగు మాటలు రాసిమ్మని చర్చి వాళ్లు అడిగారు. నాలుగు మాటలే అయితే సులువే. మంచి మనిషి, చక్కని కుట్టుపని, డ్రమ్‌ఫెర్న్ బంగళాలో నలభై ఒక్క ఏళ్ల కొలువు, పెళ్లి కాలేదు. పెళ్లి ఎందుకు కాలేదో చెప్పాలంటే మాత్రం నా గురించి చెప్పాలి. అందుకే ఆ నాలుగూ వాళ్ల చేతిలో పెట్టి, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి యుద్ధం ముగిసిన మూడో ఏడు ఆమె సముద్రం పక్క చేపల రేవు నుంచి వచ్చింది. అమ్మా నాన్నా లేరు. ఆమెకు పంతొమ్మిది, నాకు పదిహేడు. నేను వంటింట్లో, ఆమె దుప్పట్ల గదిలో. అటక మీద ఇద్దరికీ కలిపి ఒకటే మంచం. బంగళాలో నలభై గదులుంటే దీపం వెలిగేవి ఏడు. దొర తన గది దాటి వచ్చేవాడు కాదు. ఇంటి పెత్తనమంతా ఆయన చెల్లెలు మిస్ బాల్నేవ్‌ది. మేం దొరసాని అనేవాళ్లం. ఆవిడ నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడేది.

"ఆ గుత్తి చప్పుడు చేస్తుంది కాబట్టి సరిపోయింది పిల్లా, లేకపోతే మనలో సగం మందిమి గుండాగి చచ్చేవాళ్లం," అనేది ఇష్బెల్. అలా నవ్వించేది నన్ను. ఆమె రాకముందు ఆ ఇంట్లో నేను నవ్విన గుర్తు లేదు.

ఆ ఇంటికి ఒక దయ్యం కూడా ఉండేది. బూడిద మనిషి అనేవాళ్లం. పాతకాలపు ఏదో పోరులో పోయిన పెళ్లికొడుకట, పడమటి గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తాడట. చూసినవాళ్లు కిటికీ మూసేసి, ఆదివారం చర్చి గంట మోగేదాకా నోరు విప్పకూడదు. విప్పితే విన్నవాళ్లకు చావు. వంటావిడ దగ్గర్నుంచి గుర్రాలవాడి దాకా అందరం నమ్మేవాళ్లం. పగలు నవ్వుతూ, చీకటి పడ్డాక నవ్వకుండా.

ఇష్బెల్ వచ్చిన మూడో వేసవిలో నెడ్ హాలిన్ వచ్చాడు. ఇంగ్లండు వాడు, పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. చెమ్మ తిన్న దొరవారి పుస్తకాలు బాగుచెయ్యడానికి పిలిపించారు. గట్టి దారం కావాలంటూ దుప్పట్ల గది గుమ్మంలో నిలబడ్డాడు. చేతులనిండా జిగురు.

"దారం గట్టిదే. ఇంగ్లండు వాళ్ల చేతుల్లో ఎంతకాలం ఆగుతుందో చూడాలి," అంది ఇష్బెల్ తల ఎత్తకుండా.

"రోజూ వచ్చి చెబుతానుగా, ఆగిందో తెగిందో," అన్నాడు అతను.

రోజూ వచ్చాడు. చలి మొదలయ్యేసరికి ఆమె అతనికి నీలం మఫ్లరు అల్లింది. అటక మీద నాకు నిద్ర పట్టనివ్వకుండా అతని కబుర్లే. నేను ఊఁ కొడుతూ పడుకునేదాన్ని. నాకు అసూయగా ఉండేది. ఎవరి మీదో అప్పుడు నాకే తెలియదు.

నవంబరులో ఒక మంగళవారం దొరసాని వాళ్లిద్దరినీ పుస్తకాల గదిలో చూసింది. గంటలో అతన్ని బయటికి పంపేసింది. ఇష్బెల్‌ని దుప్పట్ల గదిలో పెట్టి తాళం వేసింది. సంచి భుజాన వేసుకుని అతను కోళ్ల గూటి దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"కిర్స్టీ, నీకు పుణ్యముంటుంది, ఆమెతో చెప్పు. వచ్చే శుక్రవారం నాలుగింటికి పడమటి గేటు దగ్గరుంటాను. మర్నాడు గ్లాస్గోలో కెనడా ఓడ. రెండు టికెట్లు కొంటాను. రాకపోతే అదే ఆమె జవాబనుకుంటాను. మళ్లీ ఉత్తరాలు రాసి విసిగించను."

అన్నది అన్నట్టు ఆ సాయంత్రమే తలుపు సందులోంచి ఇష్బెల్‌కి చెప్పాను. ఒక్క మాట కూడా మార్చలేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఇంగ్లండుకు ఉత్తరాన మా వైపు, ఎదురుగా ఉన్న శుక్రవారాన్ని మొదటి శుక్రవారం అంటాం. వచ్చే శుక్రవారం అంటే ఆ పై వారంది. పాలవాణ్ని అడిగినా, పాదిరిగారిని అడిగినా ఇదే చెబుతారు. ఇష్బెల్ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "పది రోజులు," అంది. నాకూ పదే అనిపించింది.

మొదటి శుక్రవారం నాలుగింటికి పడమటి వసారా కిటికీలు మూస్తున్నాను. మా దగ్గర నవంబరులో అప్పటికే చీకటి. గేటు ఎనభై అడుగుల దూరం. పొగమంచులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బూడిద మనిషే అనుకున్నాను. మూసేద్దామని కిటికీ చెక్క తలుపు మీద చెయ్యి వేశాను.

అప్పుడు అతను అగ్గిపుల్ల గీశాడు. అరచెయ్యి అడ్డం పెట్టి గడియారం చూసుకున్నాడు.

దయ్యానికి అగ్గిపుల్లెందుకు? ఆ వెలుగులో నెడ్ ముఖం కనిపించింది. "వచ్చే" అంటే ఇంగ్లండులో ఈ ఎదురుగా ఉన్నదేనని ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. దుప్పట్ల గది వసారాకి అవతల, పెరటి వైపు. లోపల ఇష్బెల్ ఈల వేసుకుంటూ కుడుతోంది, నాకు వినిపిస్తోంది. తాళం తీసి రెండు రోజులైంది. ఒక్క కేక చాలు.

తలుపులు మూసి అడ్డగడియ పెట్టాను.

ఆదివారం దాకా నోరు విప్పకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. ఆమె వెళ్లిపోతే ఆ ఇంట్లో, ఆ మంచం మీద, నేనొక్కదాన్నే మిగులుతానని భయపడ్డాను. అంతే. నా భయానికి ఆమె బతుకు ఖర్చుపెట్టాను.

అంతకంటే ఘోరం మరుసటి వారం చేశాను. ఆ రెండో శుక్రవారం ఇష్బెల్ సంచి సర్దుకుంటుంటే ఆమె బూట్లు నేనే తుడిచి మెరిపించాను. గేటు దగ్గర ఎవరూ ఉండరని తెలిసీ "వెళ్లిరా" అన్నాను. ఏడింటికి తడిసి ముద్దయి తిరిగొచ్చింది.

"ఆ గేటు తుప్పు పట్టింది పిల్లా, ఎవరైనా కాస్త నూనె వెయ్యాలి," అంది. గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ అతని పేరు ఎత్తలేదు.

ఆ తర్వాతదంతా కుట్టుపనే. నడుమ అరిగిన దుప్పటిని నిలువునా చీల్చి, అంచులు మధ్యకు తెచ్చి కుట్టేది. చేత్తో తడిమి ఏ దుప్పటి ఏ గదిదో చెప్పేసేది. అతుకు ఎక్కడుందో వీపుకి కూడా తెలిసేది కాదని బంగళాకి వచ్చే చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. గుర్రాలవాడు ఒకసారి పెళ్లి మాటెత్తితే, "నాకు దుప్పట్లు చాలా ఉన్నాయి, నువ్వెందుకు?" అని నవ్వి పంపేసింది.

తొమ్మిదేళ్ల తర్వాత ఇంగ్లండు నుంచి దొరసాని చుట్టాలు వచ్చే మంగళవారం వస్తామని రాశారు. మూడు రోజులకే గుమ్మంలో దిగారు. పక్కలు వెయ్యలేదు, కోడి కొయ్యలేదు.

"వీళ్లకి వారాలు లెక్కపెట్టడం కూడా రాదా!" అని వంటావిడ గరిటె విసిరింది. వంటిల్లంతా ఒకటే నవ్వు. ఇష్బెల్ నవ్వలేదు. చేతిలోని దిండు గలీబు వంక చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఎవరు వచ్చే వారమన్నా, "తారీఖు చెప్పండి," అనేది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. ఇవాళ అడుగుతుందేమో, రేపు అడుగుతుందేమో అని ముప్పై ఏళ్లు హడలిపోతూ బతికాను.

దొరా, దొరసానీ పోయారు. బంగళాకి తాళం పడింది. మా ఇద్దరికీ పడమటి గేటు పక్కనున్న కాపలావాడి ఇల్లు ఇచ్చారు. ఈ మధ్య ఆమెకు గుండె జబ్బు ముదిరింది. నిజం చెప్పకుండానే ఆమెను సాగనంపేస్తానేమోనని నాకు భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం టీ, ఓట్స్ రొట్టె ముందు పెట్టి కూర్చున్నాను.

"ఇష్బెల్, ఆ శుక్రవారం సంగతి..."

"ఆ 'వచ్చే' మాటేగా? ఎప్పుడో తెలిసిపోయిందిలే. విన్నది విన్నట్టు చెప్పావు. నేనే విన్నా అలాగే లెక్కేసేదాన్ని. నీ తప్పేముంది, టీ తాగు."

అక్కడ ఆగిపోవచ్చు. క్షమ చేతికొచ్చేసింది. కానీ అది నేను చెయ్యని తప్పుకి.

"అది కాదు. నేనతన్ని చూశాను. మొదటి శుక్రవారం, కిటికీలోంచి."

ఆమె కప్పు కింద పెట్టింది. "బూడిద మనిషనుకున్నావా?"

"ముందు అనుకున్నాను. తర్వాత అగ్గిపుల్ల గీశాడు."

ఆమెకు అర్థమైంది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని చూశాను.

"మఫ్లరు వేసుకున్నాడా?" అంది.

"వేసుకున్నాడు. గడ్డం దాకా."

ఆమె ముఖం విచ్చుకుంది. నలభై ఏళ్లుగా నేను చూడని ముఖం అది. ముందుకు వంగి నా చెయ్యి పట్టుకుంది.

"ఎంతసేపు నిలబడ్డాడే?"

"తెలీదు. నేను తలుపులు మూసేశాను."

చెయ్యి వదిలేసింది. కోపంగా కాదు, మెల్లగా.

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు బతికింది. నాతో మామూలుగానే మాట్లాడింది, మందు అడిగింది, జోకులు కూడా వేసింది. రోజూ నాలుగింటికి చలి గాలి కొడుతోందని గేటు వైపు కిటికీ మూయబోతే మాత్రం, "ఉండనీ కిర్స్టీ, ఇంకాసేపు," అనేది.