రజియా దారి కోసం తాండూరుకు

ఈ ప్రయాణానికి కారణం ఒక రాళ్ల గుట్ట. తాండూరులో రజియా ఇంటి దారికి అడ్డంగా బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ వాళ్లు పనికిరాని ముక్కలన్నీ పోశారు. నడవలేని అత్తను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఆ గుట్ట మీదుగా రజియా వీపున మోయాలి. నేను వికారాబాద్ కోర్టు ముందు టైపు కొట్టి బతికినవాణ్ణి. ఆమె మొదటి అర్జీ కొట్టింది నేనే. దాన్ని వాదించిన వకీలు తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు, ఓడాడు, ఇప్పుడు ఢిల్లీలో దేశం మొత్తానికీ మానవ హక్కుల ఫిర్యాదులు వినే పెద్ద పదవిలో ఉన్నాడు. ఆయన తాండూరులో విచారణ పెట్టాడని తెలియగానే రజియా ఫోన్ చేసింది. “కాకా, సాబ్ మనోడే. గీసారి పని అయితది. జర నువ్వు గూడ రా.”

పొద్దున్నే వికారాబాద్ జంక్షన్‌లో ప్యాసింజర్ ఎక్కాను. సుమారు గంట ప్రయాణం. వంద నోటులో టికెట్టు, చాయ్, సమోసాలు పోను ఇంకా చిల్లర మిగిలింది. కిటికీ బయటంతా కంది చేలు. కంది అన్నాక ఒక మాట చెప్పాలి: తాండూరు పప్పు పొయ్యి మీద ఉడుకుతుంటే, మాటల్లేని ఎదురింటివాళ్లు కూడా క్షేమం కనుక్కోవడానికి వస్తారు. మా వీధిలో రెండు తగాదాలు అలాగే సర్దుకున్నాయి. సరే, మళ్లీ రైలెక్కుదాం.

స్టేషన్ బయట ఆటో నలభైకి కుదిరింది. “హక్కుల సార్ కాడికా? మా బామ్మర్దికి బదిలీ గావాలె, జర చెప్పరాదు?” అన్నాడు డ్రైవరు.

“ఆయనిప్పుడు ఎమ్మెల్యే కాదయ్యా.”

“కాకుంటె ఏంది! గంత పెద్దోడు ఒక్క ఫోన్ కొడితె అయిపాయె.”

హాల్లో అందరిదీ అదే లెక్క. ఒకాయన బోరు అడగడానికి, ఇంకొకాయన పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చారు. ముందు వరసలో ఫ్యాక్టరీ మేనేజరు జరీ శాలువా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వేదిక మీద మన సాబు, పక్కన ఉత్తరాది నుంచి వచ్చిన మరో సభ్యురాలు, ఆమెకు తెలుగు చెప్పడానికొక దుబాసీ.

రజియా వంతు వచ్చింది. “సాబ్, వకీలుగ ఉన్నప్పుడు వాయిదా అన్నవు. ఎమ్మెల్యే అయినంక అయితది పో అన్నవు. ఇప్పుడేమంటవ్?”

హాలంతా నవ్వింది. సాబు కళ్లద్దాలు తీశాడు. “గీ కేసు నేను వినొద్దమ్మా. ఒకప్పుడు నీ వకీలును గదా.”

“గా వకాల్తా వాపస్ తీసుకుంట!”

“తీసుకున్నా గంతే. రూలు.” లేచి బయట వరండాలోకి వెళ్లిపోయాడు.

రజియా మొహం మాడిపోయింది. ఇన్నేళ్లూ నమ్ముకున్న మనిషి ముచ్చటగా మూడోసారీ చెయ్యిచ్చాడు. ఈలోగా వేదిక మీదున్న మేడమ్ మేనేజరును లేపింది.

“రాళ్లు ఎవరివి?” అని దుబాసీ అడిగాడు.

“మావే మేడమ్.”

“దారి?”

“వాళ్లదే మేడమ్.”

“మరి?”

మేనేజరు శాలువాను మడిచి చంకలో పెట్టుకున్నాడు. వారంలోగా గుట్ట తీసేయాలని ఆదేశం రాయించింది మేడమ్. హాల్లో ఇచ్చిన చాయ్ నా చేతిలో ఇంకా వేడిగానే ఉంది.

రజియా వరండాలోకి పరుగెత్తింది. “సాబ్! నువ్వు జరంత బయటికి పోతె పని అయితదని ముందుగాలనే చెప్పద్దా? మా అత్త నడుస్తున్నప్పుడే పోకపోతివి!”

సాబు నవ్వాడు. ఓట్లడిగినప్పటి నవ్వు కాదది. కొంచెం ఆలస్యంగా వచ్చింది, ఎక్కువసేపు ఉండలేదు.

తిరుగు రైల్లో ఆయన గురించే ఆలోచించాను. కోర్టులో గొంతెత్తి పేరు తెచ్చుకున్నాడు, సభల్లో మైకు పట్టి గెలిచాడు. రజియాకు మాత్రం నోరు మూసుకుని వరండాలో నిలబడ్డప్పుడు అక్కరకొచ్చాడు. అది చిన్న పనేమీ కాదు. కుర్చీలోంచి తనంతట తాను లేచిన నాయకుణ్ణి నేను చూడటం అదే మొదటిసారి. ఇలాంటి విచారణకు వెళ్లేవాళ్లకు ఒక సలహా: మీ పాత వకీళ్ల పేర్లు అర్జీ మొదటి పేజీలోనే రాయండి, ఎవరు లేచి వెళ్లాలో వాళ్లకు ముందే తెలుస్తుంది.