కడుపుతో ఉన్న ఎడారి జీవికి బొట్టు పెట్టిన రోజు

ఈ ముచ్చట ఎప్పుడో రాయాల్సింది. కానీ రాయాలంటే ముందు అక్షరాలు రావాలి కదా. చిన్నప్పుడు మా తమ్ముణ్ని చంకనేసుకుని తిరగడమే నా ఉద్యోగం. వాణ్ని ఎత్తుకుని బడికి వెళ్తే వాడు పంతులుగారి మీసం చూసి ఏడుపు లంకించుకునేవాడు. ఆయన ఇద్దరినీ కలిపి ఇంటికి పంపేసేవారు. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, పట్నం, పని. చివరికి జుట్టు నెరిశాక, బోరబండలో మా బస్తీ కమ్యూనిటీ హాల్లో సాయంకాలం బడి పెడితే వెళ్లి కూర్చున్నాను. ఇప్పుడు నన్ను ఆపేవాళ్లు లేరు (పాలవాడికి పెట్టే చీటీ కూడా రెండు పేజీలు వస్తోందని మా ఇంట్లో నవ్వుతారు).

చదువు రాని ఆ రోజుల్లో హైటెక్ సిటీ అద్దాల మేడలంటే నాకు అంతా వింతే. తలుపు దానంతటదే తెరుచుకుంటే లోపలెవరో పెద్దమనిషి మర్యాద చేస్తున్నాడనుకుని నమస్కారం పెట్టేదాన్ని. ఆ మేడల్లో ఒకదానిలో ఊడ్చి తుడిచే పని నాకు ఇప్పించింది మా వదిన. వదినంటే చుట్టం కాదు, పక్క గదిలో కిరాయికి ఉండేది. నోరు మాత్రం సొంత ఆడబిడ్డ నోరే. ఇద్దరం పొద్దున్నే లోకల్ రైలెక్కి వెళ్లేవాళ్లం. మా అంతస్తులో అన్నీ కంప్యూటర్ ఆఫీసులే. ఒక మూల గదిలో మాత్రం గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక మేడం ఉండేది. ఆమె బల్ల మీద కంప్యూటర్ కన్నా పెద్దగా ఒక గాజుపెట్టె, దాని నిండా ఇసుక, ఇసుకలో ఒక బొరియ, ఆ బొరియలో రెండు జీవాలు. పూలకుండీ ఎత్తితే కింద తడిలో బూడిద రంగువి కదులుతాయి చూడండి, వాటి జాతే. కాకపోతే ఇవి ఎడారివి, కాస్త పెద్దవి, కాళ్ల మీద లేచి దర్జాగా నడిచేవి.

"ఈ పురుగులను ఎందుకు సాకుతున్నరు మేడం?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. ఆమె మొహం వెలిగిపోయింది. (ఆమెను ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు ఎవరూ లేరట.) "పురుగు కాదమ్మా! రా, చూద్దువుగాని," అని చీపురు నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. కన్ను ఆనించానో లేదో, అమ్మో అని వెనక్కి పడబోయాను. చిటికెన వేలి గోరంత జీవి ఏనుగంత కనబడింది! వీపంతా ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కిన పలకలు. తల మీద, దాని వెనక పలకల మీద వరసగా బుడిపెలు. మోచేతిలా వంగిన రెండు మీసాలు. కాళ్లు లెక్కపెట్టమంది. వేళ్లు మడిచి మడిచి లెక్కపెడితే పద్నాలుగు తేలాయి.

"పురుగుకైతే ఆరే ఉంటాయి. సాలీడుకి ఎనిమిది. ఇది రొయ్యకీ పీతకీ చుట్టం," అంది మేడం.

"రొయ్యనా? ఎడారిల రొయ్యకేం పని మేడం?"

"అదే కదా గొప్ప! ఎప్పుడో నీళ్లలోంచి గట్టెక్కేసింది. ఊపిరి పీల్చే తిత్తులు కడుపు కింద, తోక దగ్గరుంటాయి. అవి ఎండిపోకూడదు. అందుకే తడి తగిలేదాకా లోతుగా తవ్వుకుని కాపురం పెడతారు. ఒకళ్లు వాకిట్లో తల అడ్డం పెట్టుకుని కాపలా కాస్తారు. ఎవరొచ్చినా మీసాలతో వాసన చూసి, తమవాళ్లయితేనే రానిస్తారు."

ఎడారి నుంచి ఆమె తెచ్చుకున్నవాటిలో బతికి బట్టకట్టింది ఈ జంట ఒక్కటే. వాటిది ఏ జాతో తేల్చడమే ఆమె పని. "గోత్రం తెలిసింది, ఇంటిపేరు తెలిసింది. బుడిపెల వరస చూసి అసలు పేరు తేల్చాలి. పిల్లలు పుడితే వాటినీ చూసి ఖాయం చేసుకోవచ్చు," అంది. వెనకనుంచి మా వదిన, "ఇంత ముచ్చట పెండ్లి సంబంధానికి గూడ అడగరు," అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అదే పిచ్చి. మేడం ఒకరోజు ఆడదాన్ని గాజుపలక మీద వెల్లకిలా చూపించింది. కాళ్ల మధ్య పల్చటి సంచి, అందులో సగ్గుబియ్యంలా గుడ్లు! నాకైతే ఎగరాలనిపించింది.

దసరాకు ముందు రోజు ఆఫీసుల్లో ఆయుధపూజ. పసుపు కుంకుమ పళ్లెం మా చేతికిచ్చి అన్నిటికీ బొట్లు పెట్టమన్నారు. కంప్యూటర్లకు పెట్టాం, ప్రింటర్‌కు పెట్టాం, కాఫీ మిషన్‌కు దండ కూడా వేశాం. మేడం గదిలో సూక్ష్మదర్శినికి పెట్టాం. గాజుపెట్టెకు పెడుతుంటే, ఆడది గాలి కోసం బయటికొచ్చి ఇసుక మీద తిరుగుతోంది. వదిన నా మోచెయ్యి పొడిచింది. "ఏందే, కడుపుతోటి ఉన్న ఆడమనిషిని ఎదురుంగ పెట్టుకొని మిషన్లకు పెడుతున్నవా బొట్టు?"

నిజమే కదా అనిపించింది. పండగపూట నిండు చూలాలికి బొట్టు పెట్టకుండా ఎట్లా కదులుతాం? పుల్ల చివర కాస్త పసుపు, కాస్త కుంకుమ అద్ది, ఊపిరి బిగబట్టి దాని వీపు మీద పెట్టాను. ఎంత ముద్దుగా ఉందో! మేడం లోపలికి వచ్చేసరికి ఇద్దరం హారతి పాట కూడా అందుకున్నాం.

"అయ్యో, ఏం చేశారండీ!" అంది మేడం. (ఆమె మమ్మల్ని 'అండీ' అన్నది ఆ ఒక్కసారే.) అప్పటికే చూలాలు నడుచుకుంటూ వాకిటికి చేరింది. మగడు మీసం చాపాడు. ఒకసారి తడిమాడు, రెండోసారి తడిమాడు. గభాలున తల అడ్డం పెట్టి తోసేశాడు. ఆమె మళ్లీ వెళ్లింది. మళ్లీ తోశాడు.

"ఏం మొగడే వీడు! బొట్టు పెట్టుకొని వస్తే ఇంట్లకు రానియ్యడా!" అని వదిన గాజు మీద కొట్టబోయింది.

మేడం తడి కుంచెతో వీపు కడిగింది. రంగు పోయింది, వాసన పోలేదు. మగడు కదల్లేదు. "కడుపుతో ఉండి కొత్త గూడు తవ్వుకోలేదు. బయటే ఉంటే తిత్తులు ఆరిపోతాయి. తల్లీ దక్కదు, గుడ్లూ దక్కవు," అంది మేడం చిన్న గొంతుతో. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చివరికి ఆమె బొరియ అంచు నుంచి తడి ఇసుక తీసి చిన్న డబ్బాలో పోసి, తల్లిని అందులో ఉంచింది. "ఇంటి వాసన ఒంటికి పట్టాలి. పడితే పట్టినట్టు. రేపు చూద్దాం."

"రేపు పండగ కద మేడం?"

"నేనొస్తాను," అంది.

మరునాడు పొద్దున్నే, పండగ వంట వదిన నెత్తిన పడేసి రైలెక్కాను. ("పో పో, నీ బిడ్డ పురుడు చూసి రా!" అని వదిన గుమ్మంలోంచి అరిచింది.) ఖాళీ మేడలో మేడం ఒక్కతే ఉంది. తల్లిని డబ్బాలోంచి తీసి ఇసుక మీద వదిలింది. అది మెల్లగా నడిచి వాకిట నిలబడింది. మగడు మీసాలు చాపాడు. తల తడిమాడు, బుడిపెలు తడిమాడు, వీపంతా తడిమాడు. మేము ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్న సంగతి మాకే తెలియలేదు. అప్పుడు వాడు వెనక్కి వెనక్కి జరిగాడు. ఆమె లోపలికి వెళ్లింది. వాడు మళ్లీ తల అడ్డం పెట్టుకుని, ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. మేడం ఏడ్చేసింది. నేను గెంతులేశాను.

ఇప్పుడైతే ఎవరేమనుకుంటారోనని నోరు మూసుకుని ఇంటికొచ్చేదాన్ని. అప్పటి నాకు ఆ భయం తెలియదు. తిరుగు రైల్లో కూర్చోగానే పక్కనున్న ముసలమ్మతో, "రానిచ్చిండు అవ్వా! కడుపుతోటి ఉన్నదాన్ని ఇంట్లకు రానిచ్చిండు!" అన్నాను. అవ్వ నా గడ్డం పట్టుకుంది. "మొగడు రానిచ్చిండా బిడ్డా? కడుపుతోటి ఉన్నదా? మంచిగైంది, పండగపూట!" ఎదురు సీటామె కళ్లు ఒత్తుకుంది. వెనకనుంచి ఎవరో, "ఇగ వాడు మల్ల ఎల్లగొట్టకుండ చూసుకోర్రి," అన్నారు. నేను రైలుపెట్టెలో అందరికీ తల ఊపుతూ, అందరి దీవెనలూ ఆమె తరఫున ఒళ్లో పట్టుకుని, బోరబండలో దిగాను.