భీముడికి రెండో సూది

కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్న ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికంటే తెలివైనదాన్ని నేనేనని నాకు గట్టి నమ్మకం (ఇంట్లోవాళ్లకు ఆ నమ్మకం లేకపోవడం వేరే సంగతి). నాగిరెడ్డిపేటలో ఉండే మా నాయనమ్మ, మేం అవ్వ అంటాం, ఒక కుక్కపిల్లను పెంచేది. గుప్పెడంత లేని ఆ ప్రాణికి భీముడని పేరు పెట్టింది. రక్తవిరేచనాల జబ్బుతో కుక్కపిల్లలు చచ్చిపోతున్నాయని విని, టీకా వేయించాల్సిందేనని నేను పట్టుబట్టాను. ఎల్లారెడ్డి పశువుల దవాఖానలో డాక్టరుసారు, "ఆ మందు మా దగ్గర లేదమ్మా. కామారెడ్డిల కొనుక్కరా, చల్లదనం మాత్రం పోవద్దు" అన్నారు.

ఇంకేముంది, జ్యూసు బండి దగ్గర ఐసు అడుక్కుని, మందు సీసాను చాయ్ ఫ్లాస్కులో పెట్టి, ఎల్లారెడ్డి బస్సులో దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి దారి పొడుగునా దాన్నే చూసి చూసి, చివరికి, "జర చాయ్ పొయ్యరాదు బిడ్డా, తలకాయ నొస్తున్నది" అన్నాడు. కుక్కకు వేసే మందని చెప్పాను. ఆయన లేచి వెనక సీటుకు వెళ్లిపోయాడు.

అవ్వ భీముణ్ని తెచ్చింది, సూది పడింది. "మూడు వారాలకు ఇంకోటి ఎయ్యాలె, ఒక్కదానితోని కాదు" అన్నారు సారు. మర్నాడు భీముడు ఒళ్లు వెచ్చబడి మూలన ముడుచుకున్నాడు. సూదే వాడి ప్రాణం మీదికి తెచ్చిందని అవ్వ అనుకుంది. బాలింతకు పెట్టినట్టు వాడికి పథ్యం పెట్టింది. పులుపు బంద్, మాంసం బొక్కలు బంద్, గంజి మాత్రమే. మరో రోజుకి వాడు లేచి పక్కింటి కోడి వెంట పడితే అదంతా తన పథ్యం మహిమే అనుకుంది.

మూడు వారాలకు నేను మళ్లీ ఫ్లాస్కుతో నాగిరెడ్డిపేటలో దిగేసరికి, అవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. తలుపుకు తాళం, లోపల భీముడి మూలుగు.

"తిప్పలవడి బతికించుకున్న. మళ్ల సూదంటే నేను ఒప్ప."

బతిమాలాను, అలిగాను, టీవీ వార్తల భాషలో ఉపన్యాసమిచ్చాను. ఆమె ఆకు కత్తిరిస్తూ, "అన్నం తిని పో" అంది. ఐసు కరిగిపోయింది. తిని వచ్చేశాను.

నెల తిరక్కముందే భీముడికి వాంతులు, ఆపైన రక్తం. అవ్వ వాణ్ని కొంగులో చుట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది. కబురందుకుని నేను దవాఖానకు చేరేసరికి వాడికి సెలైను ఎక్కుతోంది. నన్ను చూసి తోక కదిలించాడు గానీ తల ఎత్తలేదు. సాయంత్రానికి పోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ మాత్రం వాడి చెవి నిమురుతూ అడిగింది.

"రెండో సూది ఏపిస్తే బతుకుతుండెనా?"

సారు చేతులు కడుక్కుంటున్నారు.

"లేదవ్వా, ఏపిచ్చినా పోతుండె" అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. "నీకు అబద్ధమాడుడు రాదు బిడ్డా" అంది.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను, నలుగురికీ నచ్చజెప్పే పనే. అయినా నోట అబద్ధం వస్తే చాలు, మొహమే పట్టిచ్చేస్తుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ ఆ సాయంత్రం ఒక్కటంటే ఒక్క అబద్ధం కుదురుగా ఆడగలిగి ఉంటే, అవ్వ పోయేదాకా ఆ కుక్కపిల్లను తానే చంపుకున్నానని అనుకునేది కాదు.